పెత్రామాస నాడు నేను అనని మాట

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. కాలేజీలో కరెంటు పోతే చాలు, ఎవరో ఒకరు మొదలుపెట్టేవాళ్ళు. నేను పుస్తకం తీసుకుని వెలుతురున్న చోటికి వెళ్ళిపోయేదాన్ని. చనిపోయినవాళ్ళు తిరిగి రారు, మాట్లాడరు అని అప్పుడూ అనుకునేదాన్ని, ఇప్పుడూ అనుకుంటాను. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

నేను చెప్పబోయేది పట్టపగలు, పొద్దున పది గంటల వేళ, ఐదుగురు ఆడవాళ్ళున్న వంటింట్లో జరిగింది. భయపడాల్సినదేదీ అక్కడ లేదు. ఆ రోజు రాత్రే డైరీలో రాసుకున్నాను కాబట్టి వివరాలు బాగా గుర్తున్నాయి.

మా వాళ్ళది తెనాలి వైపు. నేను పుట్టిందీ పెరిగిందీ మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో. ఇంట్లో మాట్లాడే మాట తెనాలిదే. తెలంగాణ ఉద్యమం గట్టిగా నడుస్తున్న రోజుల్లో నాన్న నాకు ఒకటే చెప్పేవారు: "ఆటోలో, అంగట్లో ఎక్కువ మాట్లాడకమ్మా." నన్నెవరూ ఏమీ అనలేదు, అది నిజం. కానీ నోరు తెరిస్తే ఎక్కడివాళ్ళమో తెలిసిపోతుందని ఒక బెరుకు ఉండేది. నేను ముందే తక్కువ మాట్లాడే పిల్లను. ఆ రోజుల్లో ఇంకా తగ్గిపోయాను. అనాల్సినవన్నీ డైరీలోకి వెళ్ళేవి.

అలాంటి నాకు దుబాసీ పని పడింది.

మార్తా అని పోలండ్ నుంచి ఒకావిడ వచ్చింది. యాభై ఏడేళ్ళుంటాయి. వాళ్ళ ఊళ్ళో పోస్టాఫీసులో పనిచేసి మానేసింది. ఒక్కో దేశంలో మూడు నెలలుండి, అక్కడివాళ్ళకు పనికొచ్చేదేదైనా చేసి, ఇంకో దేశానికి వెళ్ళడం ఆమె పద్ధతి. ఒక చిన్న ట్రస్టు వాళ్ళు ఆమెకు కొత్తపేటలో మేడ మీద గది ఇచ్చి, బడంగ్‌పేట వైపు ఒక బడిలో పిల్లలకు ఇంగ్లీషు నేర్పమన్నారు. సరిగ్గా ఆమె వచ్చిన వారానికి సకల జనుల సమ్మె మొదలైంది. బడి మూతపడింది. బస్సులు ఆగిపోయాయి.

మా కాలేజీ కూడా మూసేశారు. నా పరీక్ష పేపర్లలో ఇంగ్లీషు బాగుంటుందని మా మేడమ్ నన్ను ఆమెకు అప్పగించారు. రాసే ఇంగ్లీషు వేరు, మాట్లాడే ఇంగ్లీషు వేరు అని ఆవిడకు చెప్పే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

మార్తా ఖాళీగా కూర్చోలేని మనిషి. గదిలో అటూ ఇటూ నడిచేది. కిటికీ దగ్గరికి వెళ్ళి, రోడ్డు చూసి, మళ్ళీ వచ్చేది. రెండో రోజే, "పిల్లలు బడికి రాలేకపోతే మనమే పిల్లల దగ్గరికి వెళ్దాం" అంది. అలా నేను ఆమెతో, ఆ పిల్లలుండే కాలనీలోని అండాలమ్మగారి ఇంటికి నడిచో, దొరికిన ఆటో ఎక్కో వెళ్ళడం మొదలైంది.

అది ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు మీద వెళ్ళి లోపలికి తిరిగితే వచ్చే కాలనీ. సగం ఇళ్ళు పోచంపల్లి చుట్టుపక్కల చేనేత ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళవి. ఇప్పుడు మగ్గాలు లేవు. మగవాళ్ళు దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపుల్లోనో, ఆర్టీసీలోనో పనిచేసేవాళ్ళు. అండాలమ్మగారి ఇంటి ముందు వసారా పెద్దది. పిల్లలంతా అక్కడ చేరేవాళ్ళు. తొమ్మిది నుంచి పదకొండు దాకా మార్తా పాఠం చెప్పేది, నేను తెలుగులో చెప్పేదాన్ని. అయ్యాక ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. మార్తాను మారుతమ్మను చేసేశారు.

నా మాట వాళ్ళకు భలే వినోదం. అండాలమ్మగారికి యాభై అయిదు దాటాయి, ఇంటికి పెద్ద. నేను ఆమెను "అండాలమ్మగారూ" అన్నప్పుడల్లా పై పోర్షన్‌లో కిరాయికుండే పద్మక్క నవ్వేది.

"గారూ గారూ అంటది ఈ పిల్ల. గారెలు తినాలనుందేమో అత్తా, జర పప్పు నానబెట్టు."

"నీకెందుకే పద్మా," అనేది అండాలమ్మగారు. "నువ్వేమో నన్ను అండాలూ అని పిల్చేటట్టున్నవ్, గా పిల్ల మర్యాదకేమైంది?"

నాకు ఆ ఇల్లు నచ్చింది. నేను మాట్లాడకపోయినా అక్కడ ఎవరికీ అనుమానం రాదు. ఎవరి మాటో చేరవేస్తున్నాను కదా, అందులో నేను ఎక్కడా ఉండను.

ఆ ఇంటి బెంగంతా కోడలు స్వరూపక్క గురించి. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఎనిమిదో నెల నిండుతోంది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఏడో నెల దాటాక పోయిందట. ఈసారి ఆమెను గడప దాటనిచ్చేవారు కాదు. భర్త శ్రీశైలం ఆర్టీసీలో కండక్టరు. సమ్మెలో ఉన్నాడు, పొద్దున లేచి హయత్‌నగర్ దగ్గర సమ్మె టెంటుకు వెళ్ళిపోయేవాడు.

ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన తేదీ దాటి నాలుగు రోజులైంది. ఒకరోజు బంద్. ఇంకోరోజు ఆటోలు లేవు. మూడోరోజు బయల్దేరి, ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మూసేశారని తెలిసి వెనక్కి వచ్చారు. ఇక నాలుగో రోజు అమావాస్య. అమావాస్య నాడు కడుపుతో ఉన్న పిల్లను బయటికి తీసుకెళ్ళరు. "అమాస పోంగనే పొద్దుగాలే పోదం" అని అండాలమ్మగారు ఎవరూ అడక్కుండానే రోజుకు పదిసార్లు అనేది. అని, గేటు దాకా వెళ్ళి రోడ్డు చూసి వచ్చేది. ఆ ఇంట్లో మార్తా ఒక్కతే అటూ ఇటూ తిరిగే మనిషి కాదు.

ఆ అమావాస్యనే తెలంగాణలో పెత్రామాస అంటారు. ఆ రోజు చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి, అంటే పురోహితుడికి, బియ్యం, కూరగాయలు ఇస్తారు. ఇంట్లో వాళ్ళ కోసం వండి, ముందు వాళ్ళకు పెట్టి, తర్వాతే తింటారు. మా ఇంట్లో ఈ పద్ధతి లేదు. మార్తా చూడాలని ఉందంటే అండాలమ్మగారు సంబరంగా రమ్మంది.

మేము వెళ్ళేసరికి తొమ్మిదిన్నర దాటింది. అయ్యగారు పదకొండుకు వస్తానన్నారట. చేటలో బియ్యం, వంకాయలు, చిక్కుడుకాయలు, గుమ్మడికాయ ముక్క సర్దిపెట్టి ఉన్నాయి. గ్యాస్ పొయ్యి మీద ఒకవైపు పెద్ద అల్యూమినియం గిన్నెలో అన్నం, ఇంకోవైపు పప్పు. పద్మక్క కింద కూర్చుని కూర తరుగుతోంది. స్వరూపక్క గోడకు ఆనుకుని పీట మీద కూర్చుంది. మొహం కొంచెం పాలిపోయినట్టుంది, కానీ ఆమె ఎప్పుడూ అలాగే ఉండేది. పొద్దుటి నుంచి నడుము లాగుతోందని ఆమె అప్పటికి ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

మార్తా చేతిలో చిన్న రికార్డరు ఉంది. వాళ్ళ చెల్లెలికి చూపు లేదు. అందుకని ఫోటోలు కాకుండా, తను వెళ్ళిన చోటల్లా చప్పుళ్ళు రికార్డు చేసి పంపేది. అంగడి చప్పుళ్ళు, పిల్లలు ఎక్కాలు చదవడం, వాన. ఆ రోజు వంటింటి చప్పుళ్ళు కావాలని రికార్డరు ఆన్ చేసి పట్టుకుంది.

కత్తిపీట మీద చిక్కుడుకాయలు తెగుతున్నాయి. తర్వాత మార్తా నా వైపు తిరిగి ఇంగ్లీషులో, అన్నం వాసన ఎంత బాగుందో వీళ్ళకు చెప్పు అంది.

నేను చెప్పాను. "అన్నం వాసన చాలా బాగుందంటున్నారు" అన్నాను. ఆవిరికి కళ్ళద్దాలు మసకబారితే చున్నీతో తుడుచుకున్నాను. నాకు తెలిసి అంతే జరిగింది.

కళ్ళద్దాలు పెట్టుకుని చూసేసరికి పద్మక్క కత్తిపీట పక్కన పెట్టి లేచి నిలబడి ఉంది. స్వరూపక్క రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నన్నే చూస్తోంది. అండాలమ్మగారు మసిగుడ్డతో గిన్నె పట్టుకుని, సగం ఉడికిన అన్నాన్ని కింద దించింది. రెండు పొయ్యిలూ ఆపేసింది. "పద్మా, మీ ఆయన ఇంట్లనే ఉన్నడా? ఆటో తియ్యమను. ఇప్పుడే" అంది.

నా మాటలో తప్పేదో దొర్లిందనుకున్నాను. పెద్దలకు పెట్టకముందే అన్నం వాసన బాగుందనకూడదేమో, అది అపచారమేమో అని భయపడ్డాను. అండాలమ్మగారు నా దగ్గరికి వచ్చి, "నువ్వు గూడ రా బిడ్డా" అని చెయ్యి పట్టుకుంది.

అయ్యగారు రాకముందే, చేటలో బియ్యం అలాగే వదిలేసి, ఆ ఇంటి తలుపు వేశారు.

ఆటోలో వెనక నలుగురం ఇరుక్కున్నాం. ముందు పద్మక్క భర్త, పక్కన వేలాడుతూ మార్తా కూర్చుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో నిరసనగా వంటావార్పు జరగబోతోంది. రోడ్డు మధ్యలో రాళ్ళు పేర్చి పొయ్యిలు పెడుతున్నారు. డప్పులు మోగుతున్నాయి. మమ్మల్ని ఆపారు. అండాలమ్మగారు తల బయటికి పెట్టి, "బిడ్డను దవాఖానకు తోల్కపోతున్న, జర జరగున్రి" అంది. మెడలో కండువా వేసుకున్న ఒకాయన లోపలికి తొంగి చూశాడు. ఏమీ అడగలేదు. తనే ముందు నడుస్తూ మనుషులను పక్కకు తప్పిస్తూ మమ్మల్ని అవతలి దాకా దాటించాడు. ఆ తర్వాత అరగంటకల్లా చౌరస్తా పూర్తిగా మూసుకుపోయిందని విన్నాం.

దారిలోనే స్వరూపక్కకు నొప్పి పెరిగింది. పొట్ట రాయిలా గట్టిపడింది. కొత్తపేట దాటాక ఒక నర్సింగ్ హోం ఉంటే అక్కడ దింపాం. లేడీ డాక్టరు చెయ్యి వేసి చూసి, ఒక్క నిమిషంలో లోపలికి తీసుకెళ్ళింది. తర్వాత చెప్పింది. మాయ విడిపోవడం మొదలైందట. లోపలే రక్తం పోతోందట, బయటికి కనబడదు. ఇంకో గంట అయ్యుంటే తల్లి మీద కూడా తనకు నమ్మకం ఉండేది కాదు అంది.

పాప పుట్టింది. చాలా చిన్నది. అద్దాల పెట్టెలో పెట్టారు.

ఇదంతా జరుగుతుండగా, ఆపరేషన్ గది బయట బల్ల మీద పద్మక్క, నేను కూర్చుని ఉన్నాం. అండాలమ్మగారు అద్దం తలుపు దగ్గర నిలబడి ఉంది, మా మాటలు ఆమెకు వినబడవు. ఆ సంభాషణ ఇంటికి వెళ్ళాక ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాను.

"నీకెట్ల తెల్సింది పిల్లా?" అంది పద్మక్క.

"ఏమిటి?"

"ఏందంటవేంది. నువ్వే అంటివి గద. 'పొయ్యి మీది కుండ దించు, అన్నం ఉడికేదాక ఆగకు, పిల్లను తీస్కొని నడువు' అంటివి. అత్తను పట్టుకొని దించు, నడువు అంటుంటే నాకే భయమైంది. గీ పిల్లకు గింత ధైర్యం ఏడికెల్లి ఒచ్చిందనుకున్న."

"నేను అన్నం వాసన బాగుందన్నాను పద్మక్కా. మార్తా చెప్పమంది, చెప్పాను."

ఆమె నా మొహంలోకి చూసింది. "ఇది పరాష్కాలాడే టైమా?" అంది. కోపంగా కాదు, బాధగా.

నేను లేచి అండాలమ్మగారి పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

సాయంత్రానికి శ్రీశైలం వచ్చాడు. కొంత నడిచి, కొంత ఎవరిదో స్కూటరెక్కి వచ్చాడట. కొడుకును కోడలి దగ్గర కూర్చోబెట్టి, అండాలమ్మగారు నన్ను వరండా చివరికి తీసుకెళ్ళింది. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"లచ్చుమక్క మాట నీకెవరు చెప్పిన్రు బిడ్డా?"

ఆవిడెవరో నాకు తెలియదన్నాను. అప్పుడు చెప్పింది.

లచ్చుమమ్మ వాళ్ళ ఊళ్ళో మంత్రసాని. ఆ ఊరి పిల్లలంతా ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళే. కడుపుతో ఉన్న పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టి చూసేది. ఏదైనా తేడా కనిపిస్తే ఆ పిల్లకు చెప్పేది కాదు. భయపడుతుందని. మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్ళి, అత్తతో "కుండ దించు" అనేది. అంటే ఇక బండి కట్టాలి, పట్నం పోవాలి. వండుకుని, తిని, సర్దుకుని వెళ్దామంటే టైము లేదు అని. ఇళ్ళల్లో జరిగే పొరపాటు అదేనట. పొయ్యి మీద ఉన్నది ఉడకనిద్దాం, మగవాళ్ళు నాలుగు మెతుకులు తిన్నాక బయల్దేరదాం అంటారు.

"నా తొలి కాన్పుకు లచ్చుమక్క గట్లనే ఒచ్చి చెప్పింది. మా అత్త దించలే. జొన్నన్నం సగం ఉడికింది, తిని పోదురు తియ్యి అన్నది. గా పిల్లగాడు బండిలనే పోయిండు." అండాలమ్మగారు ఇది చెబుతున్నప్పుడు ఏడవలేదు. "ఇయ్యాల పెద్దలకు వండిన కుండ. దించితే పాపమే. గని నేను మా అత్త లెక్క చెయ్య."

లచ్చుమమ్మ చనిపోయి ఎన్నాళ్ళయిందని అడిగాను. శ్రీశైలం పుట్టిన రెండేళ్ళకు పోయిందట. శ్రీశైలానికి అప్పటికి ముప్పై దగ్గర పడుతున్నాయి. అంటే నేను పుట్టకముందే ఆమె పోయింది.

పద్మక్క వాళ్ళది వేరే ఊరు. లచ్చుమమ్మ పేరు కూడా ఆమె వినలేదు. ఈ కథ వినకముందే, ఆ మాటలు విన్నానని నాకు చెప్పింది. నా బుర్రలో ఇప్పటికీ అడ్డంగా నిలబడేది ఇదే.

ఆ తర్వాత పది రోజులు నేను సరిగ్గా నిద్రపోలేదు. పుస్తకం తెరిస్తే అదే పేజీ. ఇంట్లో గదుల మధ్య తిరుగుతుంటే అమ్మ, "కాలు కాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరగడం" అనేది. నాకే తెలియకుండా ఆ మాటలు అన్నానా? ఎవరి దగ్గరైనా విని మరిచిపోయానా? ఒక మాట అన్నానో లేదో కూడా తెలియని నేను ఇంకేం తెలుసనుకోవాలి? అంగడికి వెళ్ళి రెండు నోటుపుస్తకాలు ఇవ్వమని అడిగి, అంగడాయన ఏం విన్నాడో అని ఆయన మొహం వైపు భయంగా చూసేదాన్ని. ఆయన రెండు పుస్తకాలే ఇచ్చేవాడు.

మార్తా వెళ్ళిపోయే ముందు నన్ను గదికి పిలిచింది. "ఆ రోజు నువ్వు వాళ్ళకు ఏం చెప్పావు? నేను అన్నం గురించి అంటే అందరూ ఎందుకు లేచారు?" అని అడిగింది. అప్పటిదాకా ఆమెకు జరిగింది వివరంగా చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పాను. ఆమె రికార్డరు తీసింది.

ఇద్దరం కూర్చుని విన్నాం. మొదట కత్తిపీట మీద చిక్కుడుకాయలు తరిగే చప్పుడు. తర్వాత మార్తా ఇంగ్లీషు. తర్వాత నా గొంతు, సన్నగా: "అన్నం వాసన చాలా బాగుందంటున్నారు."

ఆ తర్వాత ఏమీ లేదు. గిన్నె మీద మూత కదిలే చప్పుడు, బయట కాకి అరుపు. వాచీ చూసి లెక్కపెట్టాను. పదకొండు సెకన్లు.

అప్పుడు అండాలమ్మగారి గొంతు. ఎవరో అన్నదానికి జవాబు చెబుతున్నట్టు ఉంది. "ఇయ్యాల పెద్దల దినం గదక్కా." మళ్ళీ కొంచెం ఖాళీ. అప్పుడు, "సరే. సరే అక్కా." గిన్నె నేల మీద పెట్టిన చప్పుడు.

ఆమె ఆ మాటలన్నట్టు కూడా నాకు గుర్తు లేదు. నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

నాలుగుసార్లు విన్నాం. మార్తా రికార్డరు ఆపి, ఆ పదకొండు సెకన్లలో తనకూ ఏమీ వినపడలేదని చెప్పింది. "నువ్వు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నావు, నేను నిన్నే చూస్తున్నాను" అంది. ఏదో ఒకటి అనేసి నన్ను ఊరడించే రకం కాదు ఆమె. వారం తర్వాత వియత్నాం వెళ్ళిపోయింది. ఆ చప్పుళ్ళను వాళ్ళ చెల్లెలికి పంపిందో లేదో నేను అడగలేదు.

నాకు తోచిన సమాధానాలు రాస్తాను. స్వరూపక్క మొహం చూసి అండాలమ్మగారికి లోపలే అనుమానం వచ్చి ఉండొచ్చు. పాత మాట గుర్తొచ్చి ఉండొచ్చు. కానీ అప్పుడు పద్మక్క ఎలా వింది? అండాలమ్మగారు ఎప్పుడో ఆమె ముందు ఆ మాట అని ఉండొచ్చు, పద్మక్క మరిచిపోయి ఉండొచ్చు. సరే. మరి స్వరూపక్క? ఆమెను ఆసుపత్రి నుంచి వచ్చాక విడిగా అడిగాను. కుండ దించు అన్నావు, నడువు అన్నావు, అంది. ముగ్గురికీ ఒకేసారి ఒకే భ్రమ ఎలా కలుగుతుందో నాకు తెలియదు. రికార్డరుకూ మార్తాకూ నాకూ కలిగినది భ్రమ అంటే, అదీ ఎలాగో తెలియదు.

నన్ను ఇంకోటి కూడా తినేసింది. ఆ కాలనీలో నేను అందరికీ మన పిల్లనైపోయాను. బతుకమ్మ నాడు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి నన్ను తమ మధ్య నిలబెట్టారు. అటువైపు ఉద్యమం ఉధృతంగా ఉంది, ఇటు తెనాలి మాట మాట్లాడే నాకు అందరికన్నా ముందు పళ్ళెంలో వడ్డిస్తున్నారు. అదంతా నేను అనని మాటకు. నిజం చెప్పాలని రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ పాపను ఒళ్ళో పెట్టారు. చెప్పలేక వచ్చేశాను. తర్వాత వెళ్ళడమే తగ్గించాను.

రెండేళ్ళు దాటాయి. రాష్ట్రం వస్తోందని తేలిపోయిన రోజులు. వాళ్ళు పెద్ద అంబర్‌పేటకు మారారు. ఒకరోజు స్వరూపక్క ఫోన్ చేసింది. మళ్ళీ కడుపుతో ఉందట, ఎనిమిదో నెల. "అత్తమ్మ నిన్ను ఒక్కసారి ఒచ్చి కూసొమ్మంటున్నది చెల్లె."

మూడు రోజులు వాయిదా వేశాను. వెళ్తే ఏం వింటారో అని భయం. ఏమీ వినకపోతే ఏమవుతుందో అని ఇంకా భయం. నాలుగో రోజు వెళ్ళాను.

టీ ఇచ్చారు. నా ఎదురుగా అత్తాకోడళ్ళిద్దరూ కూర్చున్నారు. ఎవరూ ఏమీ అడగడం లేదు. నేను కప్పు కింద పెట్టి, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలక్కా అన్నాను.

"మొన్ననే ఉండె," అంది స్వరూపక్క. "నువ్వొచ్చి ఏమన్న అంటవేమో, అప్పుడు పోదమని ఆగినం."

రెండేళ్ళుగా నేను మింగేసిన నిజం వల్ల ఇప్పుడు ఈమె తేదీ దాటించుకుని కూర్చుంది.

"అండాలమ్మగారూ," అన్నాను. "ఆ రోజు ఆ మాట నేను అనలేదు. నిజంగా అనలేదు. నాకేమీ తెలియదు."

ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నాకు ఎరికే బిడ్డా" అంది. "నీ మొకమే చూస్తున్న గద నేను. నీ నోరు కదలలే. దవాఖానల అడిగింది గూడ గందుకే, నీకేమన్న ఎరికేనేమో చూద్దమని."

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది.

"మరి నన్నెందుకు పిలిచారు?"

"మాట నీ దిక్కుకెల్లి ఒచ్చింది. మల్ల ఒస్తదేమోనని."

నాకు చాలా కోపం వచ్చింది. పెద్దవాళ్ళ ముందు నేను ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను. "రాకపోతే? రాలేదని ఇంట్లోనే కూర్చుంటారా? తేదీ దాటింది. ఇప్పుడే దవాఖానకు పోదాం. నేనూ వస్తాను. లేవండి" అన్నాను. అని, స్వరూపక్క వైపు తిరిగాను. "అక్కా, నేనిప్పుడు ఏమన్నాను? మళ్ళీ చెప్పు."

ఆమె విచిత్రంగా చూసింది. "దవాఖానకు పోదమంటివి. నేనూ ఒస్తనంటివి. అత్తమ్మ మీద గరమైతివి" అని నవ్వింది.

చెప్పులేసుకుని బయటికి వచ్చాం. ఆటో కోసం హైవే దాకా నడిచాం. డాక్టరు చూసి, అంతా బాగానే ఉంది, ఇకముందు తేదీ దాటించొద్దు అని మందలించి పంపింది. ఆ కాన్పు మామూలుగా జరిగింది.

ఆ పెత్రామాస నాడు ఎవరు మాట్లాడారో నాకు తెలియదు. ఎవరూ మాట్లాడలేదనే నేను ఒప్పుకోవాలి, నా చెవులూ ఆ రికార్డరూ అదే చెబుతున్నాయి. కానీ అప్పుడు పుట్టిన పాప బడికి వెళ్తోంది. ఎవరూ మాట్లాడలేదంటే ఆమె ఎలా బతికి ఉందో నేను చెప్పలేను.

ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నాను. ముఖ్యమైన విషయం ఏదైనా ఎవరికైనా చెప్పాక, నేనేమన్నానో ఒకసారి మళ్ళీ చెప్పమంటాను. ఆఫీసులో అందరూ అది నా జాగ్రత్త అనుకుంటారు. అనుకోనిస్తాను.